అద్దం సరే, ఆ హోటల్‌కి నీళ్లెక్కడివి?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బంగారు గనుల ఊరు కాల్గూర్లీ మీద, అక్కడి ప్యాలెస్ హోటల్ మీద, అందులోని ఒక పాత అద్దం మీద రెండు పేజీల వ్యాసం వేశారు. తెలుగు పేపర్లో ఆ ఊరి పేరు చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. మా ఆవిడే చూసి, కాఫీతో పాటు పేపరు తెచ్చి నా ముందు పెట్టి, “ఏమండీ, మీ ఊరు పడింది” అంది. నిజానికి అది నా ఊరు కాదు. 2008 చివరి నుంచి 2019 దాకా అక్కడ భూగర్భ గనిలో సర్వేయర్‌గా పనిచేశాను, అంతే. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఇలాంటి ఉత్తరాలు రాసే తీరిక దొరికింది. పెద్ద ఉత్తరమే అయింది. కోసి వేసుకుంటారో మొత్తం వేస్తారో మీ ఇష్టం.

ముందు ఒక చిన్న తప్పు. మీరు ‘ప్యాలెస్ హోటల్’ అని పేరు పెట్టి వేసిన ఫొటో ప్యాలెస్‌ది కాదు. మూల మీద గోపురంలాంటి బురుజు, పైఅంతస్తు గోడల మీద కొయ్య పట్టీలు ఉన్న ఆ భవనం ఎక్స్‌ఛేంజ్ హోటల్. హానన్ స్ట్రీట్, మారిటానా స్ట్రీట్ కలిసే చౌరస్తాలో రెండూ ఉన్నాయి, మధ్యలో ఒక్క రోడ్డే. ప్యాలెస్ 1897లో లేచింది, ఎక్స్‌ఛేంజ్ 1900లో. చూడ్డానికి ఎక్స్‌ఛేంజే అందంగా ఉంటుంది కాబట్టి ఫొటో తీసేవాళ్లందరూ కెమెరా అటు తిప్పుతారు. అలా తీసిన ఫొటో ఏదో మీ దాకా వచ్చి ఉంటుంది. పదకొండేళ్లు కొలతలతోనే బతికినవాణ్ని, మూల తప్పితే నా కంటికి వెంటనే తగులుతుంది. ఏమీ అనుకోకండి.

ఇక ‘హోటల్’ అన్న మాట. మన పాఠకుడికి హోటల్ అంటే ఇడ్లీ, దోసె, గాజు గ్లాసులో కాఫీ. ఆస్ట్రేలియాలో పాత ఊళ్లలో హోటల్ అంటే పబ్బే. కింద బార్, పైన గదులు, గదుల ముందు వీధిలోకి చూసే పొడుగాటి చెక్క వరండా. మద్యం అమ్మే లైసెన్స్ కావాలంటే బాటసారికి పడక, తిండి కూడా ఇవ్వాలని పాత చట్టాలు పట్టుబట్టేవి. అందుకని ఒక్కరు దిగకపోయినా పైన నాలుగు గదులు కట్టేవాళ్లు, బోర్డు మీద హోటల్ అని రాసేవాళ్లు. మీ వ్యాసంలో ‘విలాసవంతమైన వసతి గృహం’ అని ఉంది. ప్యాలెస్ విషయంలో అది ఆ రోజులకు నిజమే. ఊళ్లో ముందుగా కరెంటు దీపాలు వెలిగిన హోటల్ అదేనని చెప్తారు. కానీ చదివినవాడికి అది బార్ అన్న సంగతే తెలియలేదు.

నేనూ ఈ మాటతో ఇబ్బంది పడ్డవాణ్నే. వెళ్లిన కొత్తలో కంపెనీవాళ్ల ఇల్లు సిద్ధం కాక మొదటి మూడు వారాలు నన్ను ప్యాలెస్‌లోనే ఉంచారు. ఫోన్లో “హోటల్లో ఉన్నాను” అంటే మా ఆవిడ, “పోనీలెండి, భోజనానికి ఇబ్బంది లేదు” అని నిశ్చింతగా ఉంది. కింద బార్ ఉందని రెండో వారం దాకా చెప్పలేదు. అప్పుడైనా శుక్రవారం రాత్రి ఆ గోల ఫోన్లోంచి వినపడి, ఇక దాచలేక చెప్పాను.

ఇప్పుడు అద్దం సంగతికి వస్తాను. మీ వ్యాసం మొత్తం దాని చుట్టూనే తిరిగింది. ప్యాలెస్ లోపల అడుగుపెట్టగానే చెక్కడపు పనితో పెద్ద అద్దం ఒకటి ఉంటుంది. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ దాన్ని హోటల్‌కి కానుకగా ఇచ్చాడని చెప్తారు. పక్కనే ఒక ప్రేమ కవిత వేలాడుతూ ఉంటుంది. అక్కడ బార్‌లో పనిచేసే అమ్మాయిని ప్రేమించి హూవరే రాశాడని ఊరి కథ. మీ రచయిత ఈ కథను చాలా తియ్యగా చెప్పారు. హూవర్ 1897లో, 22 ఏళ్ల వయసులో, బెవిక్ మోరింగ్ అనే లండన్ గనుల కంపెనీ తరఫున ఆ ప్రాంతానికి వచ్చిన మాట నిజం. వయసు తక్కువని ఎవరైనా తీసిపారేస్తారేమోనని గడ్డం కూడా పెంచాడట. అయితే 1898లో ఆయన ఆస్ట్రేలియా నుంచే కాలిఫోర్నియాలోని లూ హెన్రీకి టెలిగ్రామ్‌లో పెళ్లి ప్రస్తావన పంపాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆమెనే పెళ్లాడి చైనా వెళ్లిపోయాడు. కవిత ఎవరిదైతేనేం, పర్యాటకులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, తర్వాత బార్‌లో కూర్చుంటారు. ఏ హోటల్‌కైనా అంతకంటే ఏం కావాలి?

నేనున్న మూడు వారాల్లో రోజూ షిఫ్ట్‌కి పోయేటప్పుడు ఆ అద్దంలోనే తల దువ్వుకున్నాను. మొదటి రోజు హూవర్ గుర్తొచ్చాడు, రెండో రోజు నుంచి నా బట్టతలే. మూడో వారం అనుకుంటాను, పైన గదిలో స్నానం చేస్తుంటే హఠాత్తుగా ఒక సందేహం వచ్చింది. గనివాళ్లకు నీళ్ల సందేహాలే ఎక్కువ. ఈ హోటల్ కట్టింది 1897లో. ఊరికి గొట్టపు నీళ్లు వచ్చింది 1903లో. చుట్టుపక్కల నది లేదు, చెరువు లేదు. వాన పడితే పండగే. మరి ఆ ఐదారేళ్లూ ఈ హోటల్లో ఇన్ని గదులకు, ఇన్ని గ్లాసులు కడగడానికి, ఇన్ని దుప్పట్లు ఉతకడానికి నీళ్లెక్కడివి?

మీ వ్యాసంలో నీళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. కాల్గూర్లీ కథలో నీళ్లు లేకపోతే ఇంక మిగిలేది ఎర్రదుమ్మే.

1893 జూన్‌లో ప్యాడీ హానన్, టామ్ ఫ్లానగన్, డాన్ షే అనే ముగ్గురు ఐర్లండ్ వాళ్లకు అక్కడ బంగారం కనబడింది. అంతకు ముందు ఏడాదే 40 కిలోమీటర్ల దూరంలోని కూల్‌గార్డీలో బంగారం దొరికి జనం విరుచుకుపడి ఉన్నారు. వాళ్లంతా ఇటు తిరిగారు. బంగారం ఏరడానికి కూడా నీళ్లు లేక ‘డ్రై బ్లోయింగ్’ చేసేవాళ్లు. మనవాళ్లు కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినట్టు, మట్టిని గాలికి ఎగరబోసి బరువైన బంగారం కిందపడేలా చూడటం. తాగడానికి ఉప్పునీళ్లే గతి. నేల కింద నుంచి, ఉప్పు చెరువుల దగ్గర నుంచి తోడిన నీళ్లను ఇనప ట్యాంకుల్లో పోసి, కట్టెలు మండించి మరిగించి, ఆ ఆవిరిని రేకు గొట్టాల్లో చల్లార్చి పట్టుకునేవాళ్లు. ఆ ఏర్పాటును కండెన్సర్ అంటారు. ఆ నీళ్లను గాలన్ల లెక్కన అమ్మేవాళ్లు. కట్టెల కోసం చుట్టూ అడవి నరికేశారు. నీళ్ల కొరత, మురికి కలిసి టైఫాయిడ్ వచ్చింది. గుడారాల్లోనే పోయినవాళ్లు ఎందరో. బంగారం కోసం వచ్చి నీళ్ల వల్ల పోయారు.

ప్యాలెస్ తలుపులు తెరిచింది ఇదిగో, ఈ ఊళ్లో. బయట మనిషి ముఖం కడుక్కోవడానికి ఆలోచించే రోజుల్లో లోపల కరెంటు దీపాలు, తెల్లటి బల్లగుడ్డలు. అక్కడ ఉతికిన ప్రతి దుప్పటి వెనక ఎక్కడో ఒక చెట్టు కాలింది. 1896 సెప్టెంబర్‌లో రైలు వచ్చాక సరుకు రావడం తేలికైంది గానీ, నీళ్లకు మాత్రం ఆ తర్వాతా ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

నీళ్లు తెచ్చినాయన చార్లెస్ యెల్వర్టన్ ఓ కానర్, అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యమైన పశ్చిమ ఆస్ట్రేలియాకి చీఫ్ ఇంజినీర్. రాజధాని పెర్త్ పక్కన కొండల్లో మండేరింగ్ దగ్గర ఆనకట్ట కట్టి, 530 కిలోమీటర్లకు పైగా ఇనప గొట్టం వేసి, ఎనిమిది పంపింగ్ స్టేషన్లతో నీళ్లను ఎగువకు నెట్టి, రోజుకు 50 లక్షల గాలన్లు తేవాలన్నది పథకం. 25 లక్షల పౌండ్ల అప్పు. ఇది జరిగే పని కాదని, గొట్టంలోనే నీళ్లు ఇంకిపోతాయని ఎగతాళి చేసినవాళ్లు ఎక్కువ. పెర్త్‌లోని ఓ ఆదివారం పత్రిక ఆయన మీద అవినీతి ఆరోపణలు గుప్పించింది, వ్యక్తిగతంగా దుమ్మెత్తిపోసింది. 1902 మార్చి 10న ఆయన ఫ్రీమాంటిల్ దగ్గర గుర్రమెక్కి సముద్రంలోకి పోయి తుపాకీతో కాల్చుకున్నాడు. ఏడాది తిరగక ముందే, 1903 జనవరి 24న నీళ్లు వచ్చాయి. ఆ గొట్టం నీళ్లే నేను కూడా పదకొండేళ్లు తాగాను. పత్రిక నడిపేవారు కదా మీరు, ఓ కానర్ సంగతి మీకు రాయకుండా ఉండలేకపోయాను.

హానన్ స్ట్రీట్‌లో ఒక విగ్రహం ఉంది. ప్యాడీ హానన్‌ది, 1929లో పెట్టారు. టౌన్ హాల్ ముందు కూర్చుని ఉంటాడు, చేతిలో నీళ్ల తిత్తి. దాంట్లోంచి దాహానికి నీళ్లు వచ్చేలా కట్టారు. అసలు విగ్రహాన్ని తర్వాత టౌన్ హాల్ లోపలికి మార్చి బయట నకలు పెట్టారు. బంగారం కనిపెట్టినవాడి చేతిలో బంగారపు ముద్ద పెట్టకుండా నీళ్ల తిత్తి పెట్టారంటే, ఆ ఊరివాళ్లకు తమ కథ ఏమిటో బాగా తెలుసు. మీ రచయిత ఆ విగ్రహం పక్కన నిలబడి ఫొటో దిగారు కూడా. తిత్తి ఎందుకుందో ఎవరినైనా అడిగి ఉంటే బాగుండేది.

హూవర్ గురించి ఇంకొక్కటి చెప్పాలి. ఆయన అక్కడ చేసిన అసలు పని కాల్గూర్లీకి ఉత్తరాన 230 కిలోమీటర్లకు పైగా దూరంలో, గ్వాలియా దగ్గర. ‘సన్స్ ఆఫ్ గ్వాలియా’ గనిని కొనమని కంపెనీకి సలహా ఇచ్చి, 1898లో తానే దానికి మేనేజర్ అయ్యాడు. ఖర్చులు తగ్గించడంలో గట్టివాడు. పని గంటలు పెంచాడు, యూనియన్లను లెక్కచేయలేదు. ఇటలీ కూలీలను పనిలోకి తీసుకోవడం ఆయన పద్ధతుల్లో ఒకటి. స్థానికులు గొడవ చేస్తే పక్కన వేరేవాళ్లు సిద్ధంగా ఉండాలి కదా. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, గనుల్లో ఈ లెక్క ఈ రోజుకీ నడుస్తూనే ఉంది. నేనూ ఒకరకంగా ఆ లెక్కలోనే వెళ్లినవాణ్ని. కానీ హూవర్ పేరు ఎత్తితే ఆ ఊరి పాత గనివాళ్ల ఇళ్లలో కవిత ఎవరికీ గుర్తురాదు, ఇది గుర్తొస్తుంది. నాతో భూమి లోపల పనిచేసిన డ్రిల్లర్ ఒకాయన, ఆయన తాత ఇటలీ నుంచి వచ్చిన గనికూలీ. అద్దం గురించి నేను ఉత్సాహంగా చెప్తుంటే విని, “అద్దం ప్యాలెస్‌కి ఇచ్చాడు, మా తాతకి తక్కువ కూలి ఇచ్చాడు” అన్నాడు.

ఆయన దగ్గరే మొదట 1934 గురించి విన్నాను. మీ వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు. హోటళ్ల చరిత్ర రాస్తూ దాన్ని ఎలా వదిలేశారో నాకర్థం కాలేదు. అది మొదలైంది హోటల్లోనే.

ప్రపంచమంతా మాంద్యం. బంగారం ధర మాత్రం పైకి పోతోంది. ఆస్ట్రేలియా నలుమూలల నుంచి పనిలేనివాళ్లు కాల్గూర్లీకి చేరారు. ఇటలీవాళ్లు, యుగోస్లావియా వాళ్లు ఫోర్‌మన్లకు లంచాలిచ్చి ఉద్యోగాలు కొట్టేస్తున్నారని పుకారు. 1934 జనవరి చివర, ఆస్ట్రేలియా డే సెలవుల్లో, హానన్ స్ట్రీట్‌లోని ‘హోమ్ ఫ్రమ్ హోమ్’ హోటల్ దగ్గర ఎడ్వర్డ్ జోర్డన్ అనే స్థానికుడికి, క్లాడియో మట్టబోని అనే ఇటలీ బార్‌మన్‌కీ గొడవ జరిగింది. జోర్డన్ కిందపడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. కావాలని చంపేశారని ఊరంతా పాకింది. జనవరి 29 రాత్రి గుంపు ఆ హోటల్‌ని పగలగొట్టి తగలబెట్టింది. ఆ తర్వాత ఇటలీ వాళ్లవి, యుగోస్లావియా వాళ్లవి అనుకున్న దుకాణాలు, వైన్ షాపులు, బోర్డింగ్ హౌస్‌లు వరసగా పోయాయి. మర్నాడు పక్క ఊరు బౌల్డర్ వైపు ఇళ్లు తగలబెట్టారు. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని పొదల్లోకి పారిపోయి రాత్రంతా అక్కడే ఉన్నారు. ఇంకో ఇద్దరు చనిపోయారు. మట్టబోని మీద కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. అప్పటికి ఆ హోటల్ బూడిద.

డ్రిల్లర్ ఇవన్నీ చెప్తున్నప్పుడు మేము ప్యాలెస్ పై వరండాలో కూర్చుని ఉన్నాం. ‘హోమ్ ఫ్రమ్ హోమ్’ ఉన్న వైపు చూపిస్తూ చెప్పాడు. చెప్పడం అయ్యాక, “ఈ షౌట్ నీది” అన్నాడు.

షౌట్ అంటే అరవడం కాదు. గుంపులో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ తాగడానికి కొనిపెట్టడం. నీ వంతు ఎగ్గొట్టావంటే ఆ ఊళ్లో మర్యాద పోయినట్టే. తాగనివాడికి ఇది పెద్ద టెన్షన్. నేను నా వంతుకి అందరికీ బీర్లు తెచ్చి, నాకు మాత్రం ‘లెమన్ లైమ్ బిట్టర్స్’ తెచ్చుకునేవాణ్ని. గులాబీ రంగులో షర్బత్‌లా ఉంటుంది. అందులో నాలుగు చుక్కలు వేసే ఆ బిట్టర్స్‌లో నలభై శాతం పైన ఆల్కహాల్ ఉంటుందని రెండేళ్ల తర్వాత ఎవరో చెప్పారు. మా ఆవిడకి ఈ సంగతి ఈ ఉత్తరం ద్వారానే తెలుస్తుంది.

హోటల్ తలుపు దగ్గర ఎవర్ని లోపలికి రానిచ్చారు, ఎవర్ని బయట ఉంచారు అన్నది కూడా హోటల్ చరిత్రే. 1890ల్లో ఆ ఊరికి సరుకు మోసింది ఒంటెలు. వాటిని నడిపినవాళ్లను ‘అఫ్గాన్లు’ అనేవాళ్లు గానీ, వాళ్లలో పంజాబ్, సింధ్, బలూచిస్తాన్ వాళ్లు చాలామంది. అంటే అప్పటి మన దేశం వాళ్లే. ఒంటెల వరస మొత్తం వెనక్కి తిరగడానికి వీలుగానే హానన్ స్ట్రీట్‌ని అంత వెడల్పుగా వేశారని చెప్తారు. వాళ్లు ముస్లింలు, తాగరు. ఊరికి దూరంగా వాళ్ల బస వేరు. వీధి మాత్రం వాళ్ల ఒంటెల కొలతకే మిగిలింది. 1901లో వచ్చిన వలసల చట్టం తర్వాత నాలాంటి రంగువాడు ఓడ దిగితే, ఏదో ఒక యూరప్ భాషలో డిక్టేషన్ రాయించి ఫెయిల్ చేసి పంపేవాళ్లు. పైగా ఏ భాషలో పెట్టాలో అధికారి ఇష్టం. ఆ రోజుల్లో వచ్చి ఉంటే నాకు ప్యాలెస్‌లో గది మాట దేవుడెరుగు, ఒడ్డు మీద కాలు పెట్టనిచ్చేవాళ్లు కాదు.

ఆ నేల అసలు సొంతదార్లు వాంగాయి ఆదివాసీలు. కాల్గూర్లీ అన్న పేరే వాళ్ల ‘కార్ల్‌కుర్ల’ నుంచి వచ్చింది, అక్కడ పొదల్లో కాసే ఒక తినే కాయ పేరు అది. వాళ్లకు మద్యం అమ్మడం చాలా ఏళ్లు నేరం. 1944లో ఒక చట్టం చేశారు. ఆదివాసీ పౌరసత్వ పత్రం సంపాదించుకుంటే హోటల్లోకి రావచ్చు. కానీ ఆ పత్రం కావాలంటే దగ్గరి రక్తసంబంధీకులతో తప్ప తన జనంతో సంబంధాలు తెంచుకున్నానని రుజువు చేయాలి. ఆ పత్రాన్ని వాళ్లు ‘డాగ్ ట్యాగ్’ అని పిలిచేవాళ్లు. 1971లో గానీ ఆ చట్టం పోలేదు. ఒక సాయంత్రం హానన్ స్ట్రీట్ బెంచీ మీద ఒక ముసలాయన నన్ను ఏ దేశమని అడిగాడు. చెప్పాను. ఎక్కడుంటున్నావన్నాడు. ఇప్పుడు కంపెనీ ఇంట్లో, మొదట్లో ప్యాలెస్‌లో ఉన్నానన్నాను. కాసేపు ఊరుకుని, “మా నాన్న ఆ తలుపు తుడిచాడు. దాటలేదు” అన్నాడు. ఏ హోటల్ తలుపు అన్నాడో నేను అడగలేదు.

ఇవి వదిలేసి మీ వ్యాసంలో ‘స్కింపీ’ల గురించి మాత్రం రంగుల పెట్టె కట్టి వేశారు. లోదుస్తులతో బీర్లు అందించే అమ్మాయిలు అక్కడి కొన్ని బార్లలో ఉంటారన్నది నిజమే. నేను మొదటిసారి పొరపాటున అలాంటి బార్‌లోకి పోయి, తల వంచుకుని నా షూ లేసులు చూసుకుంటూ పావుగంట కూర్చున్నాను. ఆ అమ్మాయే జాలిపడి, “భోజనం కావాలంటే పక్క తలుపు” అని చూపించింది. మర్యాదస్తురాలు. ఆదివారం పూట పిల్లలు కూడా చదివే పేజీలో ఆ ఫొటో అంత పెద్దగా అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి.

ఆ పెట్టెలో వేయడానికి మంచి కథలే లేవా? కనౌనా ఉంది. కాల్గూర్లీకి ఇరవై కిలోమీటర్ల దూరం, ఒకప్పుడు 16 హోటళ్ల ఊరంటారు. 1898లో అక్కడ ‘పవిత్ర బంగారపు ముద్ద’ ఒకటి దొరికిందని పుకారు లేచింది. ఆ ఊరి ఫాదర్ లాంగ్, ఎవరో నమ్మకంగా చెప్పిన మాట విని, హోటల్ బాల్కనీ ఎక్కి అది ఎక్కడ దొరికిందో ప్రకటించాడు. కింద వేల మంది. చెప్పిందే తడవు గుర్రాల మీద, సైకిళ్ల మీద పరుగు. అక్కడ ఏమీ లేదు. పాపం ఆ ఫాదర్ మరుసటి ఏడే టైఫాయిడ్‌తో పోయాడు. ఇప్పుడు కనౌనాలో 16 హోటళ్లలో ఒక్క గోడ నిలబడి లేదు. స్మశానం, పాత రైల్వే ప్లాట్‌ఫాం, ఎక్కడ ఏముండేదో చెప్పే బోర్డులు మిగిలాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తీసుకుపోయి, హోటల్ ఉండేదన్న చోట నేల మీద కూర్చుని పులిహోర తిన్నాను.

బంగారం దొంగల కథలైతే ఎన్నని చెప్పను. బూట్లలో, టిఫిన్ డబ్బాల్లో దాచి తేవడం, రాత్రిళ్లు బార్‌లో చేతులు మార్చడం. 1907 నుంచి పోలీసుల్లో దీనికోసమే ఒక విభాగం ఉంది. 1926లో ఆ విభాగంలో పనిచేసే వాల్ష్, పిట్‌మన్ అనే ఇద్దరు అధికారులు కనబడకుండా పోయారు. తర్వాత ఓ పాడుబడ్డ గని షాఫ్ట్‌లో, అంటే బావిలాంటి నిలువు గోతిలో, శవాలు దొరికాయి. ఒక హోటల్ యజమాని అప్రూవర్‌గా మారి సాక్ష్యం చెప్తే ఇద్దరికి ఉరి పడింది. బౌల్డర్ బ్లాక్ అనే గనుల బస్తీ దగ్గర ఒక పబ్బులోంచి నేరుగా గనిలోకి దారి ఉండేదని కూడా అక్కడివాళ్లు చెప్తారు. కొలిచి చూద్దామంటే కుదరదు. ఆ బస్తీ ఉన్న చోటే ఇప్పుడు మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఆరువందల మీటర్ల లోతున సూపర్ పిట్ అనే బంగారు గని గొయ్యి ఉంది. ఇళ్లు, బడి, హోటళ్లు అన్నీ గాలిలో కలిసిన చోటు.

కాల్గూర్లీ, బౌల్డర్ రెండింటిలో కలిపి ఒకప్పుడు 93 హోటళ్లు, 8 బ్రూవరీలు ఉండేవని అక్కడ ఎవరినడిగినా గర్వంగా చెప్తారు. నేనున్నప్పటికి చేతివేళ్ల మీద కాకపోయినా, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. గనులు మూతపడి కొన్ని, నిప్పుకు కొన్ని పోయాయి. అవి ఎంత గట్టివో ఎంత పెళుసువో నేను 2010 ఏప్రిల్ 20 పొద్దున చూశాను. ఎనిమిది దాటింది. ఇంట్లో టీ కాస్తున్నాను. గనిలో బ్లాస్టింగ్ అనుకున్నాను మొదట, అలవాటే కదా. కానీ బ్లాస్టింగ్ వేళ కాదు, ఊపు కూడా ఆగలేదు. స్టవ్ మీద గిన్నె పక్కకి జరిగింది. 5.0 తీవ్రత భూకంపం. సాయంత్రం బౌల్డర్ వెళ్తే బర్ట్ స్ట్రీట్ మూసేశారు. నూరేళ్ల నాటి హోటళ్ల పిట్టగోడలు కూలి, ఎర్ర ఇటుకలు ఫుట్‌పాత్ మీద కుప్పపోసి ఉన్నాయి. తాడు కట్టిన చోట ఊరివాళ్లు వరసగా నిలబడి, ఎవరో పెద్దాయన ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వచ్చినట్టు, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒకామె తన పెళ్లి విందు జరిగిన గది కిటికీ ఏదో వెతుకుతోంది.

ఆ వారమే నేను ప్యాలెస్‌కి వెళ్లి పై వరండా మీద నుంచి ఒక ఫొటో తీశాను. ప్యాలెస్ చెక్క కమ్మీలు ముందు, ఎదురుగా ఎక్స్‌ఛేంజ్ బురుజు, మధ్యలో ఎండ పడిన రోడ్డు. రెండు హోటళ్లూ ఒకే ఫొటోలో ఉన్నాయి కాబట్టి ఏది ఏదో ఇంకెవరూ తికమక పడరు. దాన్ని ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. సవరణ వేస్తే దీన్ని వాడుకోండి, నా పేరు అక్కర్లేదు. పని అయ్యాక మాత్రం దయచేసి తిరిగి పంపండి. ఆ కెమెరా మెమరీ కార్డు పోయింది, ఇదొక్కటే మిగిలింది. వెనకాల చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా లోపల పెట్టాను.

ఇట్లు,
విశ్రాంత మైన్ సర్వేయర్,
మీ పాత పాఠకుడు.